కాలు లేని అక్షరం

హుసేనప్పకు ఇంగ్లీషు రాదు.
కానీ ఆదోనిలో అచ్చయిన పొడుగాటి ఇంగ్లీషు మాటలన్నీ
ఆయన వేళ్ల సందుల్లోంచే పోయినాయి,
తలకిందులుగా, సీసపు ముక్కలై.

అర్థమడిగితే నవ్వేవాడు.
"అర్థం మనకేటికిరా అబ్బీ, బరువు చెప్తా విను."

‘కమిటీ’ అంటే మూడు జంటలు.
ఎమ్ములు రెండు, టీలు రెండు, ఈలు రెండు.
ఒంటిగా రావు, చందాలకొచ్చేవాళ్ల మాదిరి.
నూనె మిల్లు ‘బుక్‌కీపర్’ కార్డులో
ఓలు, కేలు, ఈలు
సందు లేకుండా ఒకదాని వెనక ఒకటి.
"ఒక్కడు నడిచొస్తాంటే ఆరుమంది వచ్చినట్టుండ్లా?"
మునిసిపాలిటీ ‘అసెస్‌మెంట్’ నోటీసులో
నాలుగు ఎస్సులు.
అది అందిన రోజు బజారంతా బుసలే.

క్యూ పడిందంటే ఆయన చెయ్యి
చూడకుండానే యూ గడిలోకి పోతుంది.
జెడ్డును మాత్రం ఏడాదికొకరు అడిగితే ఎక్కువ.
ఆ గడిలో వక్కలు పెట్టుకునేవాడు,
వక్కల కింద చిల్లర.

నేనప్పుడు ఏడో తరగతి తప్పి
అదే ప్రెస్సులో కాగితాలు మడిచేవాణ్ణి.

ఆగస్టు పదో తారీకు
బాలికల హైస్కూలు పెద్ద టీచరు సుగుణమ్మ వచ్చింది,
చేతిలో చిత్తుప్రతి, ఐదొందల ఆహ్వానాలు.
‘ఇండిపెండెన్స్ సెలెబ్రేషన్స్’
పెద్దక్షరాల్లో ఉండాలంది, తాసిల్దారు కళ్లజోడు లేకుండా చదవాలంది.

హుసేనప్ప పెదాలు కదిలినాయి.
చదవడం కాదది, లెక్క.
మొదటి మాటలో నాలుగు ఈలు.
రెండోదాంట్లో రెండు.
ముప్పై ఆరు పాయింటు గడిలో ఉండేవి ఐదు.
ఆరోది ఉరుసు పోస్టరు కొట్టేటప్పుడు
బండసందులో పడి
ఎలకల రాజ్యానికి పోయింది.

"ఈలు తక్కువుండే మాట లేదామ్మా?"
ఓనరు వీరభద్రశెట్టి, చేతులు నలుపుకుంటా.
"ఉంది. ఫ్రీడమ్. రెండుతో అయిపోతుంది," అంది ఆయమ్మ.
"కానీ పైనుంచొచ్చిన కాగితంలో ఇదే ఉంది శెట్టిగారూ.
మార్చే అధికారం నాకు లేదు."

ఆమె పోయినాక
హుసేనప్ప ఎఫ్ గడిలోంచి ఒకటి తీసి
దీపం దగ్గర తిప్పి తిప్పి చూసినాడు.
"ఇదేంది? కాలు పోయిన ఈ. అంతే గదా."
ఇండిపెండెన్స్ చివర దాన్ని నిలబెట్టి
ట్రెడిల్ తొక్కినాడు, ఐదొందల సార్లు.
తర్వాత నా ముందర పెట్టినాడు
నల్ల సిరా బుడ్డి, పాళీ, చెక్క స్కేలు.
"గీత గియ్యి. అడుగున. పైగీత కంటే వెంట్రుకంత పొడుగు."

పత్తి మిల్లు రెండో కూత వేసింది.
కరెంటు పోయి వచ్చి మళ్లీ పోయింది.
నూటికి వేలు నల్లబడింది,
రెండొందలకి మెడ.
మూడొందల పైన ఏం జరిగిందో నాకు తెలీదు.
గీతలు గీస్తా కల కన్నానో
కల్లోనే గీసినానో.
పొద్దున లేచేసరికి చెంప మీద
తిరగబడిన ఒక సున్నా, సగం ఎన్ను.
కట్ట అప్పటికే బడికి పోయింది.

పదహారో తారీకు సుగుణమ్మ బిల్లు కట్టను వచ్చింది.
నేను టేబుల్ కింద ఏదో ఏరుతున్నట్టు వంగినా.
"ముప్పై ఎనిమిదిటికి కాళ్లు లేవు హుసేనప్పా."
కోపం లేదు గొంతులో, లెక్కల టీచరు గొంతు.
"నేనే గీసుకున్నా, ఇంట్లో కూర్చోని.
నా కాడ ఎర్రసిరానే ఉండె."
సంచిలోంచి ఒకటి తీసి చూపించింది.
నల్లటి స్వాతంత్ర్యం,
చివర ఒక్క కాలుకి పారాణి.

"కాలుకు పైసా. కోసుకోండి."

శెట్టి ఆయమ్మను చూసి
హుసేనప్పను చూసి
టేబుల్ కింద నన్ను చూసినాడు.
హుసేనప్ప మాట్లాడలేదు.
జెడ్ గడిలో చెయ్యి పెట్టి
వక్కలు పక్కకు జరిపి
ఒక పావలా, ఒక పది పైసలు,
ఆరు మూలల మూడు పైసల బిళ్ల
ఒకదాని పక్కన ఒకటి
ఆయమ్మ ముందర పేర్చినాడు,

ఎడమ నుంచి కుడికి,
సందు సరిచూసి.